ఒత్తిడి మోసే గోడ

ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి మూడు వేళ్లు ఆనించి చూడండి. చర్మానికి, ఎముకకు మధ్య ఒక సన్నని నాళం వేళ్లకు తగులుతుంది. అది ఉబ్బుతుంది, తగ్గుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. గుండె నెట్టిన రక్తం ఇక్కడికి వచ్చి కొట్టుకుంటోందని అనుకుంటాం. గుండె ఈ క్షణంలో నెట్టిన రక్తం మాత్రం ఇంకా ఛాతీలోనే ఉంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళమైన బృహద్ధమనిలో రక్తం సగటున సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతోనే సాగుతుంది. మన వేళ్లకు తగిలింది రక్తం కాదు, ఆ నాళపు గోడలో పుట్టిన అల. గుండె నెట్టిన దెబ్బకు బృహద్ధమని గోడ సాగితే, ఆ సాగుడు గోడ వెంబడే పరుగెత్తి, సెకనులో అయిదో వంతు కూడా పట్టకుండా మణికట్టుకు చేరింది. నాడి చూడటమంటే గోడ పనితనాన్ని వేళ్లతో చూడటమే.

నంద్యాల జిల్లా దొర్నిపాడు లాంటి చోట బీపీ సంగతి తెలియని ఇల్లు దొరకడం కష్టం. ఆళ్లగడ్డకో నంద్యాలకో వెళ్లి డాక్టరుకు చూపించుకుని వచ్చినవాళ్లు “బీపీ ఎక్కువై నరాలు గట్టిపడినాయంట” అని చెప్పుకుంటారు. డాక్టరు చెప్పింది నరాల గురించి కాదు, ధమనుల గురించి. గుండె నుంచి ఒంటికి రక్తాన్ని తీసుకెళ్లే నాళాలవి. అవి గట్టిపడటమంటే తుప్పు పట్టడమో, వాడకం వల్ల అరిగిపోవడమో అనుకుంటాం. లోపలికి వెళ్లి ఒక్కో పొరనూ, ఒక్కో పోగునూ చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ధమని గోడ ప్రాణమున్న గోడ. తన మీద పడే బరువును అది కొలుచుకుంటుంది, బరువు పెరిగితే తనను తాను బలపరచుకుంటుంది. గట్టిపడటంలో చాలా భాగం ఆ బలపరచుకునే పనే. బీపీ చేసే హాని తెలియాలంటే ముందు ఆ గోడ కట్టుబడి తెలియాలి.

మొదట అది మోసే బరువెంతో చూద్దాం. బీపీ 120 అంటే 120 మిల్లీమీటర్ల ఎత్తున పాదరసాన్ని నిలబెట్టగల ఒత్తిడి. పాదరసం నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువు. కాబట్టి అదే ఒత్తిడి నీటిని సుమారు 163 సెంటీమీటర్లు, అంటే ఒక మనిషి ఎత్తున, నిలబెడుతుంది. బీపీ 180 ఉన్నవారిలో ఆ నీటి ఎత్తు 245 సెంటీమీటర్లు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఒక గుర్రపు తొడ ధమనిలో ఇత్తడి గొట్టం అమర్చి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలించి చూశాడు. రక్తం ఎనిమిది అడుగుల పైకి ఎగబాకింది. 1733లో ఆయన ప్రచురించిన ఆ కొలతే రక్తపోటుకు తొలి కొలత. ఈ ఒత్తిడి గోడ మీద నిలకడగా ఉండేది కూడా కాదు. గుండె ముడుచుకున్నప్పుడు 120కి ఎక్కుతుంది, వదులైనప్పుడు 80కి దిగుతుంది. నిమిషానికి 70 చొప్పున రోజుకు లక్ష సార్లు, ఏడాదికి మూడున్నర కోట్ల సార్లకు పైగా ఈ ఎక్కుడు దిగుడు సాగుతుంది. సెలవు లేని ఈ పనిని 70, 80 ఏళ్లు చేయవలసిన గోడను ఎలా కట్టాలి?

దాన్ని మూడు పొరలుగా కట్టారు. అన్నిటికన్నా లోపలిది, రక్తం నేరుగా తగిలేది, ఎండోథీలియం. ఒకే వరుస కణాలు, చాలాచోట్ల మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. కణాలు ఒకదాని అంచు ఒకదానికి ఆనుకుని, రక్తం సాగే దిక్కుకే పొడవుగా ఒదిగి ఉంటాయి. ఈ పొర మీద రక్తం గడ్డకట్టదు. రక్తకణాలు దానికి అంటుకోవు. రక్తంలో తిరిగే కొవ్వు రేణువులు ఇష్టమొచ్చినట్టు లోపలికి దూరలేవు. అంత పల్చటి పొర ఇంత కాపలా కాస్తుంది.

కాపలాతో దాని పని అయిపోదు. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు బృహద్ధమని ముక్కల మీద ప్రయోగాలు చేసేవాడు. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగిలితే ఆ ముక్కలు కొన్నిసార్లు బిగుసుకునేవి, కొన్నిసార్లు వదులయ్యేవి. కారణం వెతకగా తేడా ముక్కను కోసే తీరులో దొరికింది. కోసేటప్పుడు లోపలి వైపు రాపిడి తగిలితే ఎండోథీలియం ఊడిపోతుంది, అప్పుడు ముక్క బిగుసుకుంటుంది. ఆ ఒక్క వరుస కణాలు చెక్కుచెదరకుండా ఉంటే వదులవుతుంది. అంటే లోపలి పొర నుంచి ఏదో కబురు వెనుక ఉన్న కండరానికి చేరుతోందన్న మాట. 1980లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్‌కు, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం వేగంగా పారితే ఆ రాపిడిని ఎండోథీలియం పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది. కొద్ది సెకన్లలో కరిగిపోయే ఆ వాయువు కండరాన్ని సడలిస్తుంది, నాళం వెడల్పవుతుంది, రాపిడి తగ్గుతుంది. మెదడు ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా గోడ తన సర్దుబాటు తానే చేసుకుంటుంది.

రెండోది మధ్య పొర. బరువంతా మోసేది ఇదే. ఇందులో మూడు సరుకులున్నాయి. మొదటిది ఎలాస్టిన్, సాగి తిరిగి వెనక్కి వచ్చే పోగు. రెండోది కొల్లాజెన్, దాదాపు సాగని గట్టి పోగు. మూడోది కండర కణాలు, ఈ రెండిటినీ తయారుచేసి, పట్టుకుని, అవసరాన్ని బట్టి బిగించేవి. బృహద్ధమనిలో ఎలాస్టిన్ పలకలు నాళం చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా పరుచుకుని ఉంటాయి. రెండు పలకల మధ్య ఒక వరుస కండర కణాలు, వాటి చుట్టూ కొల్లాజెన్ పోగులు. మనిషి బృహద్ధమనిలో, ఛాతీ భాగంలో, ఇలాంటి అరలు 50 దాకా ఉంటాయి. మొత్తం గోడ మందం సుమారు రెండు మిల్లీమీటర్లే.

ఈ అరల లెక్కలో ఒక క్రమం ఉంది. 1967లో వొలిన్‌స్కీ, గ్లాగోవ్ అనే ఇద్దరు పరిశోధకులు చిట్టెలుక మొదలుకొని రెండు వందల కిలోల పంది దాకా పది రకాల పాలిచ్చే జంతువుల బృహద్ధమనులను పోల్చి చూశారు. నాళం వెడల్పు పెరిగేకొద్దీ గోడ మీద పడే లాగుడు పెరుగుతుంది. దానికి తగ్గట్టే అరల సంఖ్య కూడా పెరుగుతూ పోయింది. లాగుడును అరల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో అర మోసే వాటా ఎలుకలోనూ పందిలోనూ ఇంచుమించు ఒకటే. ఒక్క అరకు ఇంత బరువు అనే కొలత స్థిరం. ఒళ్లు పెద్దదైతే అర లావెక్కదు, అరల సంఖ్య పెరుగుతుంది. పుట్టి పెరిగే దశలో, తన మీద పడే ఒత్తిడిని లెక్క చూసుకుని గోడ ఈ కొలతకు వస్తుంది.

ఎలాస్టిన్, కొల్లాజెన్ పని పంచుకునే తీరు మరీ నేర్పైనది. 1957లో కెనడాలో మార్గట్ రోచ్, అలన్ బర్టన్ మనిషి తుంటి ధమనులను తీసుకుని, కొన్నిటిలో ట్రిప్సిన్ అనే ఎంజైముతో ఎలాస్టిన్‌ను కరిగించారు, కొన్నిటిలో ఫార్మిక్ ఆమ్లంతో కొల్లాజెన్‌ను తొలగించారు. తర్వాత రెండిటినీ సాగదీసి చూశారు. ఎలాస్టిన్ మాత్రమే మిగిలిన నాళం మొదటినుంచీ సుళువుగా సాగింది. కొల్లాజెన్ మాత్రమే మిగిలిన నాళం ఆరంభంలోనే బిర్రుగా నిలిచింది. మామూలు ధమనిలో ఇవి వంతుల వారీగా పనిచేస్తాయని దీంతో స్పష్టమైంది. కొల్లాజెన్ పోగులు మెలికలు తిరిగి వదులుగా ఉంటాయి. మామూలు ఒత్తిడిలో సాగడమూ ముడుచుకోవడమూ ఎలాస్టిన్ వంతు. ఒత్తిడి హద్దు దాటబోతే కొల్లాజెన్ మెలికలు ఒక్కొక్కటే విప్పుకుని బిగుసుకుంటాయి, గోడ అక్కడ ఆగుతుంది. మెత్తదనం ఒక సరుకుది, గట్టిదనం ఇంకో సరుకుది. ఒకటి ఆగేచోట రెండోది అందుకునేలా పొడవులు కుదిర్చి అల్లారు.

మూడోది బయటి పొర. ఇందులో ఎక్కువగా కొల్లాజెన్, నాళాన్ని చుట్టుపక్కల కండకు పట్టి ఉంచే పోగులు, నరాల కొసలు ఉంటాయి. పెద్ద నాళాల గోడకు లోపల పారే రక్తం ఒక్కటే సరిపోదు. బయటి అరలకు అన్నం పెట్టడానికి వెంట్రుకల్లాంటి రక్తనాళాలు ఈ బయటి పొరలోంచి లోపలికి దిగుతాయి. రక్తనాళపు గోడకే రక్తనాళాలు ఉంటాయి.

ఇప్పుడు భాగాలు కలిపి చూద్దాం. గుండె ఒక్క దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి నెడుతుంది. వయసులో ఉన్నవారిలో ఆ గోడ సాగి అందులో సుమారు సగం తన కడుపులో నిలుపుకుంటుంది. గుండె వదులై కవాటం మూసుకోగానే ఎలాస్టిన్ వెనక్కి వస్తూ, నిలవ ఉన్న రక్తాన్ని ముందుకు తోస్తుంది. గుండె విడతలు విడతలుగా నెట్టిన రక్తం వేలికొసల్లోని సన్ననాళాలకు ఆగకుండా పారే ధారగా చేరుతుంది. అల సంగతి కూడా ఇలాగే కుదిరింది. దూరపు శాఖల దగ్గర తగిలి వెనక్కి మళ్లిన అల గుండెకు చేరేసరికి కవాటం మూసుకుని ఉంటుంది. ఆ వెనుక అల గుండె కండరానికి రక్తం పోసే కరోనరీ ధమనుల మొదట్లో ఒత్తిడిని కాస్త పెంచుతుంది. గుండెకు రక్తం ఎక్కువగా అందేది అది వదులైన ఆ సమయంలోనే. గోడ మెత్తగా ఉంటే అల నెమ్మదిగా నడుస్తుంది, సరైన వేళకు వస్తుంది.

ఇలాంటి గోడ మీద 120కి బదులు 160 పడితే, అది కూడా ఏళ్ల తరబడి పడితే ఏమవుతుంది?

గోడలో పోగుల మీద పడే లాగుడుకు ఒక సూత్రం ఉంది. ఒత్తిడిని నాళపు వ్యాసార్ధంతో గుణించి, గోడ మందంతో భాగించాలి. ఒత్తిడి పెరిగితే లాగుడు పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. కండర కణాలు ఈ లాగుడును పట్టుకోగలవు. హద్దు దాటిందని తెలియగానే అవి పెద్దవవుతాయి, కొత్త కొల్లాజెన్ అల్లుతాయి, గోడ మందమవుతుంది. ఒక్కో పోగు మీద లాగుడు మళ్లీ పాత స్థాయికి వస్తుంది. ఇది ఎంతో తెలివైన మరమ్మతు. గోడ వరకు లెక్క సరిపోయింది. ఒళ్లంతటి లెక్కలో మాత్రం తేడా వచ్చింది.

ఆ తేడా చిన్న ధమనుల్లో బాగా కనిపిస్తుంది. మిల్లీమీటరులో మూడో వంతుకన్నా సన్నని ఈ నాళాల్లో గోడ లోపలి వైపుకు మళ్లి సర్దుకుంటుంది, దారి ఇరుకవుతుంది. దారి వ్యాసార్ధం పదో వంతు తగ్గితే రక్తప్రవాహానికి అడ్డు సగానికి సగం పెరుగుతుంది. వ్యాసార్ధం సగమైతే అడ్డు 16 రెట్లు. ఆ అడ్డును దాటించడానికి గుండె ఇంకా గట్టిగా నెట్టాలి. బీపీ వల్ల ఇరుకైన నాళాలు బీపీని ఇంకా పైకి ఎక్కిస్తాయి.

పెద్ద నాళాల్లో జరిగేది వేరు. ఎలాస్టిన్‌ను ఒళ్లు తయారుచేసుకునేది ముఖ్యంగా తల్లి కడుపులో, పసితనంలో. ఆ తర్వాత దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. పుట్టినప్పుడు అల్లిన ఆ పలకలే ముసలితనం దాకా పనిచేయాలి. ప్రతి దెబ్బకూ ఎక్కువ సాగవలసి వస్తే, కోట్ల సార్ల తర్వాత పలకల్లో చీలికలు వస్తాయి. చీలిన ఎలాస్టిన్ స్థానంలో గోడ నింపగలిగింది కొల్లాజెనే. మెత్తగా సాగే పోగు మోసిన బరువు సాగని పోగు మీదికి మారుతుంది. అవసరం పడ్డప్పుడే బిగుసుకోవలసిన కొల్లాజెన్ ఇప్పుడు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. చీలిన పలకల వెంబడి సున్నం కూడా పేరుకుంటుంది. వయసుతో అందరిలోనూ నెమ్మదిగా వచ్చే మార్పే ఇది. హెచ్చు రక్తపోటు దాన్ని తొందరపెడుతుంది.

గట్టి గోడలో అల వేగం పెరుగుతుంది. పడుచు వయసులో బృహద్ధమనిలో అది సెకనుకు 5, 6 మీటర్లు ఉంటే, గట్టిపడిన నాళంలో 10 మీటర్లు దాటుతుంది. ఆ హద్దు దాటితే ముప్పు పెరిగినట్టు డాక్టర్లు లెక్కిస్తారు. వేగం పెరిగిన అల దూరపు శాఖలకు తగిలి ముందే వెనక్కి వచ్చేస్తుంది. గుండె ఇంకా రక్తం నెడుతుండగానే ఎదురొచ్చి పడుతుంది. బీపీ పై అంకె, అంటే గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి, పెరుగుతుంది. గోడలో నిలవ తగ్గింది కాబట్టి కింది అంకె దిగుతుంది. పెద్దవయసు వారిలో పై అంకె 170, కింది అంకె 75 లాంటి కొలత కనిపించడానికి కారణమిదే. గుండె మీద పని పెరిగింది, గుండెకు చేరే రక్తానికి ఉన్న ఊతం తగ్గింది. గోడ బిరుసు బీపీని పెంచుతుంది, పెరిగిన బీపీ గోడను మరింత బిరుసు చేస్తుంది.

పొరల్లో కొవ్వు పూడటం ఇంకో దారి. ఒత్తిడి, రాపిడి మారినచోట ఎండోథీలియం కాపలా సడలుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. చెడు కొలెస్ట్రాల్ రేణువులు గోడలోకి దూరి అక్కడి పోగుల్లో చిక్కుకుంటాయి, రూపు మారి చెడతాయి. వాటిని తొలగించడానికి రక్తంలోని తెల్లకణాలు గోడలోకి దిగుతాయి, కొవ్వు మింగి మింగి ఉబ్బి అక్కడే ఉండిపోతాయి. ఈ గడ్డ రక్తంలోకి పగలకుండా కండర కణాలు పైకి వలస వచ్చి కొల్లాజెన్ కప్పు వేస్తాయి. ఇదీ మరమ్మతే. ఆ కప్పు గట్టిగా ఉన్నంతకాలం మనిషికి తెలియదు. అది చిరిగినరోజు అక్కడ రక్తం గడ్డకట్టి గుండెపోటో, చెయ్యీ కాలూ పడిపోవడమో జరుగుతుంది.

ఈ పూడిక ఎక్కడ పడుతుందో కేసీ కెనాల్ కింద వరి పండించే రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కాల్వ తిన్నగా, నీరు ఉరవడిగా పారేచోట ఒండ్రు నిలవదు. పిల్లకాల్వ చీలే మలుపులో, నీరు ఒకవైపు ఒరుసుకుని రెండో వైపు సుడి తిరిగి మందగించేచోట మేట వేస్తుంది. ధమనుల్లో కూడా పూడిక పడేది చీలికల దగ్గరే. మెడలో కరోటిడ్ ధమని రెండుగా చీలేచోట బయటి గోడ, కరోనరీ ధమనుల శాఖల మొదళ్లు, పొత్తికడుపులో బృహద్ధమని చీలే భాగం. తిన్నని భాగాల్లో ప్రవాహం వెంబడి పొడవుగా ఒదిగే ఎండోథీలియం కణాలు ఈ సుడుల దగ్గర దిక్కు కోల్పోయి గుండ్రంగా ఉంటాయి, కాపలా అక్కడ మొదటినుంచీ పలచనే.

పూడికకు కొలెస్ట్రాల్, పొగాకు, చక్కెర జబ్బు కారణాలే. మరి ఇందులో ఒత్తిడి వాటా ఎంత అని అడిగితే, ఒంటిలోనే సాక్ష్యాలున్నాయి. సిరల్లోనూ అదే రక్తం, అదే కొలెస్ట్రాల్ పారుతుంది. అక్కడ ఒత్తిడి చాలా తక్కువ, ఈ పూడిక పడదు. బైపాస్ ఆపరేషన్‌లో కాలి సిరను తీసి గుండె మీద ధమని స్థానంలో కుడితే, ధమని ఒత్తిడి మోయడం మొదలైన కొన్నేళ్లకు అదే సిరలో పూడిక వస్తుంది. ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఒత్తిడి బృహద్ధమనిలో ఉన్నదానిలో అయిదారో వంతే, అది సాధారణంగా శుభ్రంగా ఉంటుంది. ఏదైనా జబ్బు వల్ల అక్కడ ఒత్తిడి పెరిగి నిలిచినవారిలో దానికీ పూడిక పడుతుంది. కొందరిలో కరోనరీ ధమని కొంత దూరం గుండె కండరంలోకి మునిగి సాగుతుంది. మునిగిన ఆ కాస్త మేర పూడిక దాదాపు కనిపించదు, దానికి ముందు భాగంలో కనిపిస్తుంది. మనిషి ఒకడే, రక్తం ఒకటే. గోడ మీద పడే బలాలు వేరు, ఫలితాలు వేరు.

ఈ మార్పులను కోత లేకుండా కళ్లారా చూడగల చోటు ఒంటిలో ఒక్కటే ఉంది, కంటి వెనుక తెర. డాక్టరు కంటిలోకి వెలుతురు వేసి చూస్తే అక్కడి చిన్న ధమనులూ సిరలూ స్పష్టంగా కనబడతాయి. అవి ఒకదాన్నొకటి దాటేచోట రెండిటికీ బయటి పొర ఉమ్మడిగా ఉంటుంది. ధమని గోడ మందమై గట్టిపడితే, ఆ ఉమ్మడి పొరలో సిరకు చోటు చాలక అది నొక్కుకుపోతుంది. మామూలుగా పారదర్శకంగా ఉండే ధమని గోడ మీద వెలుతురు రాగి రంగులో, ఇంకా ముదిరితే వెండి రంగులో మెరుస్తుంది. సన్నని ఆ నొక్కు, ఆ మెరుపు చూసి మూత్రపిండాల్లోనూ మెదడులోనూ ఇలాంటి నాళాలు ఎలా ఉన్నాయో డాక్టరు అంచనాకు వస్తాడు.

మూత్రపిండం సంగతి ప్రత్యేకం. ఒక్కోదానిలో సుమారు పది లక్షల వడపోత ముడులు, ప్రతి ముడికీ రక్తం తెచ్చే సన్నని ధమని. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు మూత్రపిండాలకే వెళుతుంది. తెచ్చే నాళం గోడ మందమైతే వడపోతకు చేరే రక్తం తగ్గుతుంది. బీపీ పడిపోయిందనుకుని మూత్రపిండం రెనిన్ అనే రసాయనం వదులుతుంది. దాంతో తయారయ్యే యాంజియోటెన్సిన్ నాళాలను బిగిస్తుంది, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిపేస్తుంది, గోడలో మరింత కొల్లాజెన్ అల్లమని పురమాయిస్తుంది. ఒళ్లు కాపాడుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇక్కడ తప్పు కబురు మీద నడుస్తుంది.

తెలుగు పల్లెల్లో ఈ గోడ బిరుసును నేరుగా కొలిచిన పని ఒకటి ఉంది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదుకు దగ్గరలోని 29 పల్లెలను తీసుకుంది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు పోషకాహారం అందింది. మిగతా 14 పల్లెల్లో ఆ ఏర్పాటు అప్పటికి లేదు. 2003–05లో, ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ల వయసు వచ్చాక, వెయ్యి మందికి పైగా పరీక్షించారు. బీపీ అంకెల్లో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. నాడి అల ఆకారాన్ని బట్టి ధమని బిరుసును కొలిస్తే మాత్రం, తల్లి కడుపులోనూ పసితనంలోనూ తిండి అందిన పిల్లల్లో బిరుసు తక్కువగా ఉంది. 2008లో ఈ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఎలాస్టిన్ అల్లిక జరిగేది ఆ వయసులోనే అన్న సంగతి గుర్తుంటే, ఈ ఫలితం వెనుక ఉండగల కారణం తడుతుంది. గర్భిణికి అందే గుడ్డు, పాలు, పప్పు డెబ్భై ఏళ్లు నిలవవలసిన గోడకు కూడా అందుతున్నాయి.

గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003–04లో మరణాల కారణాలను ఇంటింటికీ వెళ్లి ఆరా తీసిన అధ్యయనం మరో సంగతి చూపింది. అన్ని కారణాల్లో మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులది. సుమారు మూడో వంతు మరణాలు వాటివల్లే. ఇవి పట్నంవాళ్ల జబ్బులన్న నమ్మకం సరికాదని దీంతో తేలింది. ప్రపంచమంతటి నుంచి పది లక్షల మంది వివరాలు కలిపి 2002లో చేసిన లెక్క ప్రకారం, 40 నుంచి 69 ఏళ్ల వారిలో పై అంకె 115 దాటాక ప్రతి 20 పెరుగుదలకూ పక్షవాతంతో చనిపోయే ముప్పు రెట్టింపుకు పైగా పెరుగుతుంది. హెచ్చు బీపీకి డాక్టర్లు గీసిన 140 అనే గీత గోడకు తెలియదు. బరువు పెరిగేకొద్దీ హాని పెరుగుతూనే ఉంటుంది.

గోడ కట్టుబడి తెలిశాక మందుల పని కూడా సులువుగా అర్థమవుతుంది. మధ్య పొరలోని కండర కణం బిగుసుకోవాలంటే దానిలోకి కాల్షియం దూరాలి. అమ్లోడిపిన్ మాత్ర ఆ దారులను మూస్తుంది, కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్ కబురు కణానికి అందకుండా అడ్డుకుంటుంది. బిగింపు తగ్గడమే కాకుండా అదనపు కొల్లాజెన్ అల్లిక కూడా నెమ్మదిస్తుంది. లాగుడు తగ్గిందని గ్రహించిన చిన్న ధమనుల గోడ నెలల తరబడి మెల్లగా తన మందాన్ని తగ్గించుకోగలదు. చీలిన ఎలాస్టిన్ తిరిగి రాదు, కానీ కొత్త చీలికలు ఆలస్యమవుతాయి. 80 ఏళ్లు దాటినవారికి కూడా బీపీ తగ్గిస్తే మరణాలు, గుండె వైఫల్యం తగ్గాయని 2008లో వచ్చిన హైవెట్ అధ్యయనం చూపింది. ఈ వయసులో మందులెందుకన్న మాటకు అదే జవాబు.

ఉప్పు సంగతి ఇంట్లోనే తేలాలి. రోజుకు అయిదు గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షలతో కొలిచిన ఒక అధ్యయనంలో సగటు వాడకం తొమ్మిది గ్రాములు దాటింది. కూరలో వేసేది కొంతే. ఊరగాయ, తొక్కు, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు, కొనుక్కొచ్చే కారాబూందీ అన్నీ కలిపితేనే ఆ లెక్క వస్తుంది. ఉప్పు నిలిపిన నీరు నాళాల్లో ఒత్తిడి పెంచుతుంది. మానక్కర్లేదు, పూటకో ఊరగాయ ముక్క తగ్గినా గోడ మీద బరువు తగ్గినట్టే.

ఇక కొలత. 1896లో ఇటలీ డాక్టరు రీవా రోచ్చి చేతికి గాలిపట్టీ చుట్టి ధమనిని నొక్కే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొట్‌కోవ్ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. పట్టీ ఒత్తిడి గుండె ఒత్తిడిని మించితే ధమని మూతపడి నిశ్శబ్దం. గాలి వదులుతుంటే రక్తం మొదటిసారి దూసుకొచ్చిన చోట టక్కుమనే చప్పుడు, అది పై అంకె. నాళం పూర్తిగా తెరుచుకుని చప్పుడు ఆగిన చోట కింది అంకె. ఊళ్లో ఏఎన్ఎం చూసినా, పెద్దాసుపత్రిలో చూసినా లోపల జరిగేది ఇదే. అందుకే చిన్న జాగ్రత్తలకు విలువ ఉంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, వీపు ఆనించాలి, పాదాలు నేల మీద పెట్టాలి, మాట్లాడకూడదు. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే అంకె ఏడెనిమిది ఎక్కువ చూపుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె తప్పుగా పెరుగుతుంది.

బీపీ ఎక్కువైనా చాలామందికి తలనొప్పి కూడా రాదు, “నాకేం కాలేదు” అని మాత్ర మానేస్తారు. ఏమీ అనిపించకపోవడానికి కారణం గోడ ఆ బరువును తన మీద వేసుకుని మోస్తూ ఉండటమే. అది మందమవుతూ, పోగు మార్చుకుంటూ, చిరిగినచోట కప్పు వేసుకుంటూ మనకు తెలియకుండా నెట్టుకొస్తుంది. దాని కష్టం మనకు తెలిసే దారి పట్టీ చుట్టి చూసే ఆ రెండు అంకెలే. ముప్పై ఏళ్లు దాటినవారు ఏడాదికోసారైనా వాటిని చూపించుకోవాలి. ఎక్కువని తేలినవారు, బాగున్న రోజున కూడా, డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకూడదు. బాగున్న రోజున వేసుకునే మాత్రే ఆ గోడకు ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే చీలిక పడకముందు తగ్గించిన బరువే దానికి నిజమైన సాయం.